ముందు ఆ అట్టపెట్టె తెరువు

చిరంజీవి చిన్నాకు, అమ్మ ఆశీస్సులు.

యుద్ధవ్యూహాల ఆటలు నేర్చుకోవాలని ఉంది, కంప్యూటర్‌లో ఏది కొనమంటావని మొన్న ఫోనులో అడిగావు. అప్పటికప్పుడు ఒక పేరు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఈ ఉత్తరం. దీని వెనకే పార్సిల్ కూడా వస్తుంది. అందులో నా ‘ఆఫ్రికా కోర్’ పెట్టె ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో జర్మన్లు, బ్రిటిష్‌వాళ్లు చేసిన పోరు మీద బల్ల మీద ఆడే ఆట అది. ఏదైనా కొనే ముందు దాన్ని ఆడు.

అమెరికాలో, బాల్టిమోర్‌లో చదువుకునే రోజుల్లో కొన్నాను దాన్ని. ఈ ఆటల వ్యాపారం మొదలైంది ఆ ప్రాంతంలోనే. చార్లెస్ రాబర్ట్స్ అనే ఆయన 1954లో ‘టాక్టిక్స్’ అనే ఆటను సొంతంగా అచ్చువేసి అమ్మాడు. 1958లో అవలాన్ హిల్ సంస్థ పెట్టాడు. నువ్వు ఇప్పుడు తెర మీద చూసే ఆరు పలకల గడులు 1961లో ఆ సంస్థ ఆటల్లోకి వచ్చాయి. చదరపు గడుల్లో మూలకు జరిగితే ఎక్కువ దూరం కలిసివస్తుంది. ఆరు పలకల గడిలో ఎటు జరిగినా దూరం ఒక్కటే. నీకు పంపిన ఆట 1964 నాటిది.

ఇదంతా నీకు పూర్తిగా కొత్తేమీ కాదు. అమ్మమ్మ ఊళ్లో గుడి అరుగు మీద సుద్దముక్కతో గీసుకుని పులిజూదం ఆడేవాడివి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి చంపుతుంది. మేకలు గుమిగూడి పులికి దారి లేకుండా చేస్తాయి. ఇద్దరి బలమూ వేరు, గెలిచే పద్ధతీ వేరు. చదరంగంలో ఈ తేడా ఉండదు. ఈ పెట్టెలో ఉన్నది మాత్రం అదే. జర్మన్ సేనాపతి రోమెల్ పులి లాంటివాడు. ఆయన పేరున్న అట్టముక్క ఉన్న గడి మీదుగా నడిచే దళాలకు అదనంగా రెండు గడుల నడక దొరుకుతుంది. అది చూసి నువ్వు మొదటి ఆటలోనే ఈజిప్టు దాకా ఉరుకుతావని నాకు తెలుసు. ఉరుకు, పరవాలేదు. అక్కడ ఆగిపోతావు.

ఎందుకంటే దాడి చేయాలంటే దగ్గరలో సరఫరా ముక్క ఉండాలి. దాడి జరిగిన వంతులో అది ఖర్చయిపోతుంది. జర్మన్లకు కొత్త సరఫరా మధ్యధరా సముద్రం దాటి రావాలి. ఓడ చేరిందా, మునిగిందా అన్నది పాచిక తేలుస్తుంది. వరసగా మూడు వంతులు ఓడలు మునిగిన రోజున నేను లిబియాలోని టోబ్రుక్ రేవు ముందు బలమైన ట్యాంకు దళాలను పెట్టుకుని చేతులు కట్టుకుని కూర్చున్నాను. యుద్ధమంటే పెట్రోలు, నీళ్లు, రొట్టె అని ఏ చరిత్ర పుస్తకమూ నాకు అంత గట్టిగా చెప్పలేదు.

లెక్క కూడా నువ్వే వేయాలి. దాడి చేసేవారి బలాన్ని ఎదుటివారి బలంతో భాగించి, మిగిలినది వదిలేస్తారు. నాలుగు మీదికి పన్నెండుతో వెళితే మూడింతలు. పదకొండుతో వెళితే రెండింతలే. ఆ ఒక్క అంకె కోసం పక్క గడిలోని దళాన్ని లాక్కొస్తావు, అక్కడ ఖాళీ పడుతుంది, శత్రువు అందులోంచి దూరతాడు. ఓడిన తర్వాత ఎక్కడ ఓడావో వేలు పెట్టి చూపించగలవు. ఈ ఆటల్లో నేను అన్నిటికన్నా విలువ ఇచ్చేది దీనికే.

ఇంకొక మాట. బ్రిటిష్ వైపు ముక్కల్లో భారతీయ నాలుగో డివిజన్ బ్రిగేడ్లు ఉంటాయి, వెతుకు. అరంగుళం అట్టముక్క అంటే వేలమంది మనుషులు. ఆ డివిజన్‌తో మద్రాస్ సాపర్ల, అంటే దారులు, వంతెనలు వేసే ఇంజనీరు సైనికుల, కంపెనీ కూడా ఎడారిలో పనిచేసింది. తెలుగువాళ్లు తరతరాలుగా చేరుతూ వచ్చిన దళం అది. 1942 జూన్‌లో టోబ్రుక్ పడిపోయినప్పుడు బందీ అయిన దళాల్లో 11వ భారతీయ బ్రిగేడ్ ఉంది. ఆ ముక్కను బోర్డు మీద నుంచి తీసేటప్పుడు నా చెయ్యి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. నీ చెయ్యీ ఆగాలని కోరుకుంటున్నాను.

ఇక కంప్యూటర్ సంగతి. 1994లో ‘పాంజర్ జనరల్’ వచ్చింది. అదీ ఆరు పలకల గడుల ఆటే. పోలండ్‌తో మొదలుపెట్టి రాత్రంతా ఆడాను. ఎంత అందంగా ఉందో! లెక్కలన్నీ అదే చేస్తుంది, నిబంధనల పుస్తకం తిరగేసే పని లేదు. బోర్డు అలవాటు ఉంది కాబట్టి లోపల ఏ లెక్క జరుగుతోందో నేను ఊహించగలిగాను. నేరుగా దానితోనే మొదలుపెట్టిన నా స్నేహితురాలు గెలుస్తూ పోయింది కానీ, ఎందుకు గెలిచావంటే చెప్పలేకపోయింది. నువ్వు అలా కాకూడదనే ఇంత పట్టుబడుతున్నాను.

కంప్యూటర్ ఇచ్చేవి తక్కువేమీ కాదు. బల్ల మీద ఇద్దరికీ అన్నీ కనిపిస్తాయి. తెర మీద శత్రువును దాచవచ్చు, చీకట్లో తడుముకునే సేనాపతి భయం అప్పుడు తెలుస్తుంది. అర్ధరాత్రి కూడా ప్రత్యర్థి సిద్ధంగా ఉంటాడు. ఆఫ్రికా కోర్ నాలుగైదు సార్లు ఆడాక 2011లో వచ్చిన ‘యూనిటీ ఆఫ్ కమాండ్’ కొనుక్కో. స్టాలిన్‌గ్రాడ్ యుద్ధకాలం అది. అందులోనూ ప్రాణమంతా సరఫరాలోనే ఉంది. శత్రువు రైలు దారి తెంపితే వాడి ముందువరస దానంతటదే కుంగిపోవడం చూస్తావు. అప్పటికి నీకు ఎడారిలో ఆగిపోయిన ట్యాంకులు గుర్తుంటాయి కాబట్టి ఎవరూ వివరించనక్కరలేదు.

బోర్డు ఆటకూ కంప్యూటర్ ఆటకూ మధ్య ‘వాసల్’ అనే ఉచిత ప్రోగ్రాం ఒకటి ఉంది. అది నీతో ఆడదు. బోర్డును, ముక్కలను తెర మీద పెడుతుంది, అంతే. జరిపేది, లెక్కవేసేది మనమే. నాకు ఈ మధ్య చిన్న అక్షరాలు ఆనడం లేదు. అక్కడ బొమ్మ పెద్దది చేసుకోవచ్చు. పైగా నువ్వు పుణెలో, నేను విజయవాడలో ఉన్నా ఒకే బల్ల ముందు కూర్చున్నట్టే.

ముక్కలు కవర్లలో వేరుచేసి పెట్టాను, కలపకు. నిబంధనలు ఒకేసారి చదవాలని కూర్చోకు. కదలిక, దాడి, సరఫరా, ఈ మూడూ చదివి రెండు వైపులా నువ్వే ఒకసారి ఆడి చూడు. వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదికి వాసల్ తెరిచి ఉంచు. జర్మన్లు నీవాళ్లు, టోబ్రుక్ నాది. ఆట 1941 ఏప్రిల్ 1న మొదలవుతుంది, తొలి ఎత్తు నీదే.

ప్రేమతో,
అమ్మ