చొక్కా రంగు నిలవాలంటే

సంపాదకులకు నమస్కారం.

నూలు చొక్కాలకు ముడులు వేసి ఇంట్లోనే రంగులద్దేవారికి వెనిగర్ వాడమని కొందరు చెబుతున్నారు. వెనిగర్‌లోని ఆమ్లం పట్టు, ఉన్ని వంటి వాటి రంగులకే పనికివస్తుంది. నూలుకు వాడే, 1956లో మార్కెట్‌లోకి వచ్చిన రియాక్టివ్ రంగులు నూలు పోగుతో బంధం ఏర్పరచుకోవాలంటే క్షారం కావాలి. అందువల్ల కొత్త చొక్కాను వేడినీళ్లలో ఉతికి గంజి వదిలించి, లీటరు నీటికి సుమారు 50 గ్రాముల సోడా యాష్ అనే క్షారం (సోడియం కార్బొనేట్, వంటసోడా కాదు) కలిపి, చేతికి తొడుగులు వేసుకుని పావుగంట నానబెట్టి పిండాలి. రంగు పోశాక తడి ఆరకుండా ప్లాస్టిక్ సంచిలో ఒక రోజంతా ఉంచాలి. మా అనంతపురం ఎండకు ఆ సంచి కట్టకనే నా మొదటి చొక్కా వెలవెలబోయింది. బోరునీళ్లు కఠినమైనవైతే రంగు మందగిస్తుంది కనుక రంగు కలపడానికి మాత్రం శుద్ధిచేసిన క్యాన్ నీళ్లు మేలు. మొదట చన్నీళ్లలో, తర్వాతే వేడినీళ్లలో జాడించాలి.

— ఒక పాఠకురాలు, అనంతపురం