సాల్మన్ కమిటీ వార్షిక నివేదిక, 2025

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, బతుకమ్మ, క్రికెట్ టోర్నమెంటు రిపోర్టులు ఇప్పటికే మీ మెయిళ్లలోకి వచ్చేశాయి, ఇక మిగిలింది మాదే. "తెలుగు సంఘానికీ సాల్మన్ చేపలకీ ఏంటండీ సంబంధం" అని జనరల్ బాడీలో ఈసారి కూడా అడిగారు. అడగాల్సిందే, తప్పేం లేదు. సియాటెల్ చుట్టుపక్కల మన ఇళ్లూ, ఆఫీసులూ, వాటి పార్కింగ్ లాట్లూ ఉన్నది ఈ వాగుల పక్కనే, వానొస్తే మన కార్ల కింది నుంచి పారే నీళ్లు పోయేది వాటిలోకే. ఇంతకంటే సంబంధం ఇంకేం కావాలి? పైగా కమిటీలో గోదావరి జిల్లాల వాళ్లే ఎక్కువ. వరదనీరు తగలగానే సముద్రంలోంచి ధవళేశ్వరం వైపు ఎదురీదే పులస కోసం పుస్తెలైనా అమ్మొచ్చనే ఊళ్ల నుంచి వచ్చి, ఆ పులస ఏటేటా ఎలా కరువైపోయిందో చూసినవాళ్లకి, ఇక్కడి జాలర్ల బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

ముందు కోహో అనే సాల్మన్ రకం సంగతి, ఎందుకంటే ఈ ఏడాది మా టైమంతా దానికే పోయింది. అక్టోబరులో గట్టి వాన పడ్డ మర్నాడు తెలుగు బడి పిల్లల్ని వెస్ట్ సియాటెల్‌లోని లాంగ్‌ఫెలో క్రీక్ దగ్గరికి తీసుకెళ్లాం. సముద్రంలో ఎదిగి, పుట్టిన వాగు వాసన పట్టుకుని గుడ్లు పెట్టడానికి వెనక్కొచ్చిన ఆడ కోహో ఒకటి అక్కడ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ, నోరు నీటిపైకి పెట్టి గాలి కోసం కొట్టుకుంటూ, కాసేపటికి పక్కకి ఒరిగిపోయింది. చచ్చిన చేపల్ని లెక్కపెట్టే వాలంటీర్లు దాని పొట్ట కోసి చూపిస్తే లోపల నారింజరంగు గుడ్లు నిండుగా అలాగే ఉన్నాయి, ఒక్కటీ పెట్టలేదు. పిల్లలు ఏడవలేదు గానీ ప్రశ్నలతో చంపేశారు.

కారణం మన టైర్లు. రబ్బరు పగలకుండా అందులో 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు, అది గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారి, అరిగిన టైరు పొడితో పాటు వానకి కొట్టుకొచ్చి వాగులో పడుతుంది, కోహో అయితే కొన్ని గంటల్లోనే చచ్చిపోతుంది. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2020లో ఈ సంగతి బయటపెట్టారు. విచిత్రమేంటంటే అదే నీటిలో చమ్ అనే ఇంకో రకం సాల్మన్ బానే తట్టుకుంటుంది. "మాది ఎలక్ట్రిక్ కారు కదా" అన్న అన్నయ్యలకి మనవి, దానికీ నాలుగు టైర్లున్నాయి, బండి బరువు ఇంకా ఎక్కువ.

మంచి వార్త ఏంటంటే దీనికి మందు చవకే. రోడ్డు మీది నీళ్లని నేరుగా వాగులోకి వదలకుండా ఇసుకా కంపోస్టూ కలిపిన మట్టిలోంచి ఇంకేలా చేస్తే చాలు, అలా వడకట్టిన నీటిలో కోహోలు బతికాయని ప్రయోగాల్లోనే తేలింది. అందుకే మనం పండగలకి అద్దెకు తీసుకునే హాలు పార్కింగ్ చివర రెయిన్ గార్డెన్ వేయాలని తీర్మానం చేశాం. హాలు యజమాని పర్మిషన్ ఇవ్వడానికి వసంతమంతా తిప్పాడు (ఇన్సూరెన్స్ కాగితం అన్నాడు, తర్వాత ఇంకో కాగితం అన్నాడు), చివరికి వేసవిలో తవ్వాం. 60 పాళ్లు ఇసుక, 40 పాళ్లు కంపోస్టు, పైన స్థానిక మొక్కలు. మొదటి పెద్ద వానకి నీళ్లు నిలిచి, మర్నాటికి ఇంకిపోయాయి. టెన్షన్ తగ్గింది.

మొక్కల పని మామూలే. చలికాలంలో ఆకు రాల్చిన విల్లో కొమ్మలు నరికి, మొగ్గలు పైకి ఉండేలా ఒడ్డు మట్టిలో గుచ్చాం. ముళ్ల బ్లాక్‌బెర్రీ పొదలు పీకి దేవదారు లాంటి సీడర్ మొక్కలు పెట్టాం. నీడ పెరిగితే నీరు చల్లగా ఉంటుంది, సాల్మన్‌కి వేడినీళ్లు పడవు. బ్లాక్‌బెర్రీ మాత్రం మళ్లీ మొలిచింది, మొలుస్తూనే ఉంటుంది.

వేసవి యాత్ర మన వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఉన్న ఎల్వా నదికి. 1913 నాటి ఎల్వా డ్యాము, 1927 నాటి గ్లైన్స్ కాన్యన్ డ్యాము, రెంటికీ చేప ఎక్కే దారి పెట్టలేదు, దాంతో దాదాపు వందేళ్లపాటు డ్యాములకి ఎగువనున్న 70 మైళ్లకు పైగా నదీ ఉపనదులూ సాల్మన్‌కి అందకుండా పోయాయి. 2011లో పడగొట్టడం మొదలుపెట్టి 2014కి పూర్తిచేశారు. డ్యాముల వెనక పేరుకున్న మట్టీ ఇసుకా కొట్టుకొచ్చి నది సముద్రంలో కలిసేచోట కొత్త బీచే పుట్టింది, పిల్లలు ఆడుకున్నది దాని మీదే. కానీ అక్కడ నన్ను ఆలోచింపజేసింది బీచ్ కాదు. ఆ నది మీద బతికే లోయర్ ఎల్వా క్లాలం అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్లు చేపలు కోలుకోవాలని తమ నదిలో వేట తామే ఆపేసుకున్నారు. మళ్లీ వల వేసింది 2023లో, అదీ కోహో ఒక్కటే, తిండికీ వేడుకకీ సరిపడా. డ్యాము పడగానే మర్నాడే జాలర్లకి పని తిరిగొస్తుందనుకునేవాళ్లు 2011 నుంచి 2023 దాకా ఈ పన్నెండేళ్ల లెక్క ఒకసారి చూసుకోవాలి. ఆరెగాన్‌లో పుట్టి కాలిఫోర్నియాలో సముద్రంలో కలిసే క్లామత్ నదిలో కూడా నాలుగు డ్యాములు 2024కి పూర్తిగా తీసేశారు, ఆ శరదృతువులోనే చినూక్ సాల్మన్ ఆరెగాన్ దాకా ఎక్కొచ్చింది. అయినా కాలిఫోర్నియాలో పడవ జాలర్లకి 2023, 2024, 2025 వరసగా మూడేళ్లు సాల్మన్ సీజన్ లేదు. నది బాగుపడే లోపల పడవ అప్పు ఆగదు కదా, పాపం.

సెప్టెంబరులో కొలంబియా నది ఒడ్డున కాస్కేడ్ లాక్స్‌కి వెళ్లాం, అక్కడ బ్రిడ్జ్ ఆఫ్ ద గాడ్స్ అనే వంతెన దగ్గర ఆదివాసీ తెగలవాళ్లు తాము పట్టిన చేపలు తామే అమ్ముతారు. బేరమాడొద్దని బస్సులోనే చెప్పినా మన పెద్దమ్మగారు ఒకరు ఆడారు, చేపలావిడ నవ్వేసి, ఐసు డబ్బాలోంచి చినూక్‌ని ఎత్తి ఎర్రటి మొప్ప తెరిచి చూపించింది, అంతే, బేరం ముగిసింది. తర్వాత ఇద్దరూ బెండకాయ వేసిన పులుసు గురించీ, గాలికి ఆరబెట్టే సాల్మన్ గురించీ చాలాసేపు మాట్లాడుకున్నారు. బస్సు లేటైంది అక్కడే.

తిరుగు ప్రయాణంలో హక్కుల సంగతి చెప్పుకున్నాం. అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1854, 1855 ఒప్పందాల్లో ఈ తెగలు భూములిచ్చేసి చేపలు పట్టే హక్కు మాత్రం ఉంచుకున్నాయి. ఆ హక్కు కోసం నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్ యాభై సార్లకు పైగా అరెస్టయ్యాడు, మొదటిసారి పద్నాలుగేళ్లకే. 1974లో జడ్జి బోల్ట్ పట్టదగ్గ చేపలో సగం వాటా తెగలదే అని తీర్పిచ్చాడు. మరి వాగులో చేపే లేకపోతే సగం వాటా దేనికి? ఆ వాదన మీదే రోడ్ల కింద చేపకి అడ్డుపడే తూములు మార్చాలని కోర్టు వాషింగ్టన్ రాష్ట్రాన్ని ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు 4-4గా చీలడంతో ఆ ఆదేశమే నిలిచింది. మీరు ట్రాఫిక్‌లో తిట్టుకునే రోడ్డు పనుల్లో కొన్ని ఇవే.

ఒక అభిప్రాయభేదం కూడా రికార్డు చేయాలి. గుడ్లు పొదిగించి చేపపిల్లల్ని తొట్లలో పెంచే ఇసక్వా హ్యాచరీ ఉండగా ఇన్ని పాట్లెందుకని కొందరు సభ్యులు రాశారు. హ్యాచరీ మేలు కాదనం. కానీ తొట్టిలో మేత తిని పెరిగిన చేప తరతరానికీ తొట్టికే అలవాటుపడుతుంది. కరువుకీ వరదకీ తట్టుకునే రకరకాల గుణాలు నదిలో సహజంగా పుట్టి పెరిగే చేపల్లోనే మిగిలున్నాయి, అవి పోతే హ్యాచరీకి విత్తనం కూడా ఉండదు. కమిటీలో ఎక్కువమంది మాట ఇది, అందరిదీ కాదు.

జమాఖర్చులు ఖజాంచిగారు విడిగా పంపారు. వచ్చే ఏడాది రెండో రెయిన్ గార్డెన్ ప్రతిపాదన ఓటుకి వస్తుంది, స్థలం ఇంకా దొరకలేదు, మీ ఆఫీసులో గానీ అపార్టుమెంటులో గానీ మేనేజర్ ఒప్పుకునేలా ఉంటే చెప్పండి. సంక్రాంతి పిక్నిక్‌కి చేప కావాలంటే ఫిషర్‌మెన్స్ టెర్మినల్లో పడవల దగ్గర కలిసి కొందాం, ఆర్డర్లు ముందే ఇవ్వాలి. విల్లో కొమ్మల పని ఫిబ్రవరిలో, తేదీ వాట్సాప్‌లో పెడతాం. గ్లౌజులు మా దగ్గరున్నాయి, గంబూట్లు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోండి.