మైకు మూరెడు దూరంలో ఉంటే ప్రీఆంప్ ఏం చేస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకుంటున్న పిల్లల గురించి మొన్న ఆదివారం మీ పత్రికలో రాశారు. సంతోషంగా చదివాను. కానీ చివర్లో, మంచి మైకు కొన్నవాళ్లు విడిగా ప్రీఆంప్ (మైకు నుంచి వచ్చే శబ్దాన్ని పెంచే డబ్బా) కూడా కొనుక్కోవాలన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇదే మాట నమ్మి నిరుడు తొమ్మిది వేల రూపాయలు ఖర్చు పెట్టాను. రెండు నెలల కాలం కూడా పోయింది. మా అమ్మకు ఎనభై నాలుగేళ్లు. నాకు ఆ తొమ్మిది వేల కంటే ఆ రెండు నెలలే ఎక్కువ. అందుకే ఈ ఉత్తరం.

నేను హనుమకొండలో ఉంటాను. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. అమ్మది నర్సంపేట దగ్గరి పల్లె. ఆమెకు వచ్చిన బతుకమ్మ పాటల్లో చాలావాటిని నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఒక్కో పాట అరగంట నడుస్తుంది. ఎంగిలిపూల నాడు మొదలుపెట్టి సద్దుల దాకా తొమ్మిది రోజులూ, పాడిన పాట మళ్లీ పాడకుండా ఆడించేదని మా మేనత్తలు చెప్పేవాళ్లు. ఇప్పుడు గొంతు సన్నబడింది. కొన్ని చరణాలు ఇవాళ గుర్తుకొస్తాయి, రేపు రావు. ఒగ్గుకథకు పేరు తెచ్చిన చుక్క సత్తయ్య గారు మన జనగామ ప్రాంతం వారే, 2017లో పోయారు. అంతటి కళాకారుడి గొంతు రికార్డుల్లోనైనా ఉంది. మా అమ్మలాంటి వాళ్ల పాట మాత్రం ఇంట్లోవాళ్లు పట్టి పెడితేనే మిగులుతుంది.

అల్లుడు ఒక డైనమిక్ మైకు, కంప్యూటర్‌కు తగిలించి మైకు శబ్దాన్ని అందులోకి ఎక్కించే ఒక ఇంటర్‌ఫేస్ కొనిచ్చాడు. సభల్లో చేత్తో పట్టుకుని మాట్లాడతారే, ఆ రకం మైకు. అమ్మ మంచం మీద కూర్చునేది. మైకును స్టాండుకు పెట్టి మూరెడున్నర దూరంలో నిలబెట్టాను. "నోటికాడ పెడితే నాకు టెన్షన్ అయితది బిడ్డా" అన్నది, సరేనన్నాను. రికార్డు వినబోతే గొంతు ఎక్కడో బావిలో నుంచి వచ్చినట్టుంది. కాస్త గట్టిగా పాడమంటే, "గొంతు యాడికెల్లి తేవాలె" అని చిన్నబుచ్చుకుంది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

నగరంలో ఒక దుకాణానికి వెళ్లి అడిగాను. ఈ మైకుకు ప్రీఆంప్ లేకపోతే ఎవరికైనా ఇంతేనన్నారు. మైకు ఎంత దూరంలో పెట్టారని గానీ, దేనికి తగిలించారని గానీ అడగలేదు. నాకూ చెప్పాలని తెలియలేదు. డబ్బా కొని తెచ్చి మైకును దానికి, దాన్ని ఇంటర్‌ఫేస్ మైకు సాకెట్‌కు కలిపాను. శబ్దం పెరిగింది. అమ్మ గొంతుతో పాటు కూలర్ మోత, పక్కింటి బోరు మోటారు, కాజీపేట వైపు నుంచి రైలు కూత కూడా అంతే పెరిగాయి. అన్నిటి కింద బుస్సుమనే ఒక చప్పుడు. ఇక అమ్మ చప్పట్లు పడినచోటల్లా రికార్డింగు పటపటా పగిలిపోయింది. రెండు నెలలు అలాగే పాటుపడి, విసిగి ఆపేశాను.

హసన్‌పర్తిలో పెళ్లిళ్లకు, జాతర్లకు సౌండ్ సిస్టం పెట్టే అబ్బాయి ఒకడు నా దగ్గర చదువుకున్నాడు. పండుగ నాడు అమ్మను చూడటానికి వచ్చి ఆ వైర్లు చూశాడు. "మేడం, ప్రీఆంప్ మీద ప్రీఆంప్ ఎందుకు పెట్టిన్రు?" అన్నాడు. అప్పటిదాకా నాకు తెలియని సంగతి అది. ఇంటర్‌ఫేస్‌లో ప్రీఆంప్ ఉండనే ఉంటుంది. గెయిన్ అని రాసి ఉన్న గుండ్రటి మర దానిదే.

అతను చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. మైకులో పుట్టే కరెంటు చాలా చిన్నది. ఈ డైనమిక్ మైకులో, మామూలు గొంతు దగ్గరగా పలికితే ఒకటి రెండు మిల్లీవోల్టులే. కంప్యూటర్‌లోకి చక్కగా ఎక్కాలంటే దాన్ని వందల రెట్లు పెంచాలి. ఆ పని చేసేదే ప్రీఆంప్. మా ఇంటర్‌ఫేస్ కాగితం మీద గెయిన్, అంటే పెంచే శక్తి, 56 డెసిబెల్స్ (శబ్దం హెచ్చుతగ్గులను కొలిచే లెక్క) అని ఉంది. అంటే ఆరువందల రెట్లకు పైనే. నేను కొన్న డబ్బా ఒకసారి పెంచి పంపిన శబ్దాన్ని, మైకు సాకెట్‌లో పెట్టడం వల్ల ఇంటర్‌ఫేస్ మళ్లీ పెంచుతోంది. దాన్ని, ముందే పెరిగిన శబ్దం కోసం ఉండే లైన్ సాకెట్‌లో పెట్టాలట. అలా పెట్టినా కూలర్ మోత తగ్గదు. పెంచే యంత్రానికి ఏది పాట, ఏది మోత అని తేడా తెలియదు.

తర్వాత మైకును జరపడం మొదలుపెట్టాడు. దూరం సగానికి తగ్గిన ప్రతిసారీ గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుందని చెప్పాడు. మూరెడు దూరాన్ని జానెడు చేస్తే 6, జానెడును అర జాన చేస్తే ఇంకో 6. గదిలో మోత మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. అంటే పాటకు, మోతకు మధ్య ఎడం పెరుగుతుంది. ప్రీఆంప్ ఎంత ఖరీదైనదైనా ఈ ఎడాన్ని పెంచలేదు. నాకు వెంటనే మన వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ గారు గుర్తొచ్చారు. మైకుకు ఇంత దగ్గరైతే గొంతు ఎలా మారుతుంది, ఇంత వెనక్కి జరిగితే ఎలా మారుతుంది అన్నది తెలియకుండా మిమిక్రీ కళ ఎక్కడిది? ఆయన ఊళ్లో ఉంటూ నేను మైకును మూరెడున్నర దూరంలో నిలబెట్టాను.

చప్పట్ల సంగతి దీనికంటే కష్టమైంది. చప్పట్లు లేకుండా పాడమంటే అమ్మకు పాట రాదు. నిజంగానే రాదు. రెండో చరణంలో ఆగిపోయి చేతుల వంక చూసుకుంటుంది. చేతులు కొట్టుకుంటేనే తర్వాతి మాట నోటికొస్తుంది. సన్నని గొంతు కోసం గెయిన్ పెంచితే చప్పట్లకు ఎర్రలైటు వెలుగుతోంది, చప్పట్ల కోసం తగ్గిస్తే గొంతు వినబడటం లేదు. ఇక్కడ ఇంకో ప్రీఆంప్ పెడితే కష్టం పెరుగుతుందే తప్ప తగ్గదు. ఆ అబ్బాయి మైకును అమ్మ గడ్డం కింది నుంచి నోటివైపు పైకి తిప్పి పెట్టాడు. మైకు తోక ఒళ్లో ఉన్న చేతుల వైపు వచ్చింది. ఈ రకం మైకు వెనకవైపు శబ్దాన్ని బాగా తక్కువ తీసుకుంటుంది. కూలర్, ఫ్యాను ఆపి, కిటికీకి రెండు బొంతలు వేలాడదీశాం. గెయిన్ ముప్పావు వంతు దగ్గర పెట్టాం. కంప్యూటర్ మీటరులో సున్నా దాటితే శబ్దం పగులుతుంది; చప్పట్లు కూడా -6 డెసిబెల్స్ దాటకుండా, గొంతు -18, -12 మధ్య ఆడింది. ఎర్రలైటు వెలగలేదు. ఆ సాయంత్రం అమ్మ నలభై నిమిషాలు పాడింది, ఉయ్యాలో అన్న ప్రతిచోటా ఊపిరితో సహా వినబడుతోంది. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ప్రీఆంప్ అక్కర్లేనే లేదని నేను అనడం లేదు. కొన్ని మైకులకు నిజంగానే కావాలి. షూర్ కంపెనీ వాళ్ల ఎస్ఎం7బి అనే డైనమిక్ మైకుకు కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ ఉండాలని దాన్ని తయారుచేసినవాళ్లే చెబుతారు. ఇంటర్‌ఫేస్‌లో అంత లేకపోతే గొంతు చాలదు. 2023లో వాళ్లు లోపలే ప్రీఆంప్ పెట్టి ఎస్ఎం7డిబి అని ఇంకో మైకు తెచ్చింది ఇందుకే. ఉన్న మైకుకే వైరు మధ్యలో తగిలించి 25 డెసిబెల్స్ వరకు పెంచే చిన్న పరికరాలు కూడా దొరుకుతాయి. కాబట్టి మైకు కాగితం, ఇంటర్‌ఫేస్ కాగితం పక్కపక్కన పెట్టి చూసుకుని, దగ్గరగా పెట్టి పాడాక కూడా గెయిన్ చివరిదాకా తిప్పితే తప్ప చాలకపోతే, అప్పుడు కొనండి. స్టూడియోల్లో ఎక్కువగా వాడే కండెన్సర్ రకం మైకుకు ఈ బాధ సాధారణంగా ఉండదు, దాని శబ్దం డైనమిక్ కంటే చాలా గట్టిది. దానికి కావాల్సింది 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు వైరులోంచే అందే కరెంటు, అది చాలా ఇంటర్‌ఫేస్‌లలో ఒక మీట నొక్కితే వస్తుంది. యూఎస్‌బీ మైకుకైతే అన్నీ లోపలే ఉంటాయి.

మా వీధిలో డిగ్రీ చదివే అమ్మాయికి ఫాంటమ్ పవర్ ఇచ్చే డబ్బాను ప్రీఆంప్ అని చెప్పి అమ్మారు. అది కరెంటు మాత్రమే ఇస్తుంది, గొంతును పెంచదు. ట్యూషన్ చెప్పిన డబ్బుతో కొన్నది ఆ పిల్ల. నా సంగతి వేరు, నాకు పెన్షన్ వస్తుంది.

పరికరాలు అమ్మేవాళ్లకు నా విన్నపం ఒకటే. కొనడానికి వచ్చినవాళ్లను ముందు నాలుగు సంగతులు అడగండి. ఏ మైకు, దేనికి తగిలించారు, ఎంత దూరంలో పెట్టారు, గెయిన్ ఎక్కడిదాకా తిప్పారు. వీలైతే వాళ్ల మైకునే తెమ్మని, ఒక పావుగంట పెట్టి వినిపించండి. మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఇలాంటి విషయాలు రాసేటప్పుడు రోజూ మైకుసెట్లు పెట్టే మన ఊరి కుర్రాళ్లను ఒక మాట అడగండి. వాళ్లకు తెలిసింది తెలుగులో అచ్చయితే ముసలివాళ్ల పాటలు, శాత్రాలు, కథలు పట్టి పెట్టాలనుకునే ఎంతోమందికి పనికొస్తుంది.

ఇప్పటిదాకా అమ్మ పాటలు ఇరవై రెండు అయ్యాయి. ఇంకా ఎన్ని ఉన్నాయో ఆమెకే తెలియదు. చలికాలం పొద్దున గొంతు పట్టేస్తోంది కనుక మధ్యాహ్నం రెండింటికి, బోరు మోటారు ఆగాక కూర్చుంటున్నాం.

– ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, హనుమకొండ