వేసవి నీడ కేంద్రం: 2024 మే నెల జమా ఖర్చుల వివరణ

విజయవాడ రైల్వే స్టేషను, బస్టాండు, కాలువ గట్ల పరిసరాల్లో ఇల్లూ వాకిలీ లేక బతుకుతున్నవారు ఎండ వేళ తలదాచుకోవడానికి 2024 మే 1 నుంచి 31 వరకు మేము నడిపిన కేంద్రానికి వచ్చిన డబ్బుకూ, అయిన ఖర్చుకూ దాతలకు లెక్క చెప్పడం మా బాధ్యత. జూన్‌లోనే చెప్పవలసిన ఈ లెక్క ఆగస్టు దాకా ఆలస్యమైనందుకు మన్నించమని కోరుతున్నాము. ఈలోగా, కేంద్రానికి వచ్చినవారి సంచులు దాచడానికి వేసిన షెడ్డుకు మా మనిషినే కాపలా పెట్టి జీతం ఇచ్చుకున్నామని, వేలిముద్రలు వేసిన వోచర్లు దొంగ లెక్కలని కొందరు అన్న మాటలు మా చెవిన పడ్డాయి. వాటికీ ఇందులోనే జవాబు ఉంది.

రసీదు పుస్తకాల ద్వారా 142 మంది ఇచ్చిన నగదు రూ. 1,18,650. బ్యాంకు ఖాతాకు, ఫోన్‌పేకు చేరినది రూ. 1,46,200. మొత్తం జమ రూ. 2,64,850. అమెరికాలో స్థిరపడిన మన ఊరివారు ఒకరు రూ. 25,000 పంపారు గాని, ఆయన అక్కడి పౌరసత్వం తీసుకున్నందువల్ల, విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేని మా వంటి కమిటీ ఆ సొమ్ము ఉంచుకోకూడదని ఆడిటరు చెప్పగా తిప్పి పంపాము. దాతల పేర్లతో బ్యానరు కట్టలేదని ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు. మే 13న పోలింగు, జూన్ 4న ఓట్ల లెక్కింపు ఉన్న రోజుల్లో ఏ పేరు రాసినా దాన్ని ఏదో ఒక పార్టీకి అంటగట్టేవారు. అందుకే ఎవరి పేరూ రాయలేదు. ఇచ్చిన ప్రతి ఒక్కరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాము.

ఖర్చులో పెద్దది ఫంక్షన్ హాలు అద్దె, రోజుకు రూ. 3,000 చొప్పున 31 రోజులకు రూ. 93,000. ఆ నెలంతా మూఢం కావడంతో పెళ్లిళ్లు లేక హాలు ఆ ధరకు దొరికింది. ఇదే డబ్బుతో పది చలివేంద్రాలు పెట్టవచ్చు గదా అని కొందరు అడిగారు. చలివేంద్రం దాహం తీరుస్తుంది గాని, పగలు పదకొండు నుంచి సాయంత్రం అయిదు దాకా ముసలివాళ్లు నడుం వాల్చడానికి చోటు ఇవ్వదు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు పోయారన్నది మరిచిపోలేము. నగరాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయం చొప్పున, ఏడాది పొడవునా, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంచాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. పగటి ఎండకు ఆ నీడ అందనివారికోసమే ఈ హాలు తీసుకున్నాము.

మంచినీళ్ల డబ్బాలకు రూ. 12,400, మజ్జిగకు రూ. 24,350, మధ్యాహ్న భోజనానికి రూ. 31,450, ఓఆర్ఎస్ పొట్లాలకు, మందులకు రూ. 6,280, చాపలు, బకెట్లు వగైరాకు రూ. 9,640, మరుగుదొడ్లు శుభ్రం చేసిన ఇద్దరికి రూ. 18,600, ఆటోలకు రూ. 1,900, రసీదు పుస్తకాల అచ్చుకు రూ. 850 అయింది. వీటన్నిటికీ బిల్లులు ఉన్నాయి.

కూలర్లు, ఫ్యాన్ల అద్దె రూ. 33,500. ఇందులో కొంత మా పొరపాటు ఉంది. మొదట ఆరు కూలర్లు తెచ్చాము. గాలిలో తేమ ఎక్కువగా ఉండే మన ఊళ్లో, తలుపులు మూసిన హాలులో అవి ఉక్కపోతను పెంచాయే గాని చల్లబరచలేదు. అయిదో రోజున నాలుగింటిని తిప్పి పంపి, గాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాన్లు తెచ్చి, కిటికీలన్నీ తెరిపించాము. నాలుగు కూలర్లకు పది రోజుల అద్దె ముందే కట్టేశాము. అది వెనక్కు రాలేదు.

కరెంటు బిల్లు రూ. 17,870. హాలువారు తమ రెండు నెలల బిల్లును మొత్తంగా మామీద వేయగా, మే 1న, 31న మేము రాసి ఉంచుకున్న మీటరు రీడింగులు చూపించి, మా వంతు తేల్చుకునేసరికి జూలై గడిచిపోయింది. ఈ లెక్క ఆలస్యం కావడానికి కారణం ఇదే.

ఇక సంచుల షెడ్డు, రూ. 19,350. మొదటి అయిదు రోజులూ హాలులో ఇరవై మంది కూడా లేరు. స్టేషను దగ్గరికి వెళ్లి అడిగితే, చిత్తు కాగితాలు, సీసాలు ఏరుకునే ఒక ముసలమ్మ, "సంచి ఎక్కడ పెట్టి రమ్మంటావయ్యా?" అంది. వాళ్ల ఆస్తంతా ఆ సంచే. అందులోనే రెండు రోజుల కష్టం, దుప్పటి, ఆధార్ కార్డు, మందుల చీటీ ఉంటాయి. హాలులోకి సంచులు తేవడానికి యజమాని ఒప్పుకోలేదు. అందుకని మే 6న హాలు వెనక టార్పాలిన్లతో షెడ్డు వేయించాము. టెంటు హౌసుకు రూ. 6,500, తాళాలకు, రేకు టోకెన్లకు రూ. 1,150 అయింది. మరుసటి వారానికి రోజూ తొంభై మంది దాకా వచ్చారు. ఆ షెడ్డు లేకపోతే హాలుకు కట్టిన అద్దె అంతా ఖాళీ గోడలకు కట్టినట్టే అయ్యేదని మా నమ్మకం.

మిగిలిన రూ. 11,700 షెడ్డుకు కాపలా ఉన్న మనిషికి రోజుకు రూ. 450 చొప్పున 26 రోజులకు ఇచ్చిన కూలి. "మీ మనిషిని పెట్టుకుని జీతం ఇచ్చుకున్నారు" అన్న మాట మమ్మల్ని చాలా బాధపెట్టింది. ఆయన కాలువ గట్టున పడుకునే మనిషి, కేంద్రానికి మొదటి రోజే వచ్చినవాడు. ఎవరి సంచి ఏదో గుర్తుపట్టగలవాడు, మిగతావారు నమ్మినవాడు ఆయన ఒక్కడే. బ్యాంకు ఖాతా లేదు, సంతకం రాదు. అందుకే 26 వోచర్ల మీదా వేలిముద్రలే ఉన్నాయి. ప్రతి వోచరు మీద కమిటీ సభ్యులిద్దరు సాక్షి సంతకం చేశారు. వేలిముద్ర ఉన్నంత మాత్రాన అది దొంగ లెక్క కాదు. ఒక మధ్యాహ్నం చెమట ఆగిపోయి, ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతున్న ఒకాయనను చూసి, వెంటనే తడిగుడ్డలు చుట్టి 108కి ఫోను చేయించినదీ ఈ కాపలా మనిషే.

మొత్తం ఖర్చు రూ. 2,69,190. జమకన్నా ఎక్కువైన రూ. 4,340ను కోశాధికారి చేబదులుగా సర్దారు. ప్రారంభం రోజున నలుగురిలో నిలబడి ఇస్తామన్న మొత్తాల్లో రూ. 38,000 ఇంకా రాలేదు. ఎవరి పేరూ ఇక్కడ రాయడం లేదు. మూడుసార్లు ఫోను చేశాము, ఇంకోసారి చేస్తాము. అది అందితే చేబదులు తీర్చి, మిగిలే రూ. 33,660ను వచ్చే వేసవికి ఖాతాలోనే ఉంచుతాము. వోచర్లు, బిల్లులు ఆదివారాల్లో కోశాధికారి ఇంటివద్ద ఎవరైనా చూడవచ్చు.

షెడ్డు విప్పిన రోజున రెండు సంచులు మిగిలాయి, టోకెన్లు 17, 52. వాటివారు ఇప్పటికీ రాలేదు. కాపలా మనిషి స్టేషను దగ్గర అడుగుతూనే ఉన్నాడు. ఆ సంచులను విప్పలేదు, అమ్మలేదు, జమలో చూపలేదు. కోశాధికారి ఇంటి వసారాలో ఉన్నాయి.