ఆ ఫైలు పెట్టేముందు

ఒరేయ్,

నీ మెయిల్ వచ్చి పది రోజులైంది. "మా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు కోడ్ ఆఫ్ కాండక్ట్, అంటే ఒకరితో ఒకరు ఎలా మెలగాలో చెప్పే నియమావళి, లేదేమని ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు. రెడీమేడ్‌గా దొరికే కాంట్రిబ్యూటర్ కోవెనెంట్ అనే నియమావళి తెచ్చి మా కోడ్ ఉండే రిపోజిటరీలో పెట్టేస్తే ఐదు నిమిషాల పని, పెట్టేయనా?" అని అడిగావు. "పెట్టెయ్" అని ఒక్క మాట రాసి ఊరుకోవచ్చు. కానీ ఏడాదిగా మా ప్రాజెక్టులో అలాంటి ఫిర్యాదులు చూసే కమిటీ పనే చేస్తున్నాను కదా, తెలిసింది దాచుకున్నట్టవుతుంది. తీరిగ్గా ఉన్నప్పుడు చదువు.

ఫైలు పెట్టడం ఐదు నిమిషాల పనే. దాని చివర్లో ఒక ఖాళీ ఉంటుంది చూశావా, ఫిర్యాదు ఎవరికి పంపాలో రాయాల్సిన చోటు? దాన్ని నింపకుండా అలాగే వదిలేసిన ప్రాజెక్టులు నేను చూశాను. అసలు పనంతా ఆ ఖాళీలోనే ఉంది.

మా దగ్గర జరిగింది చెబుతాను, పేర్లు మాత్రం అడక్కు. కొత్తగా వచ్చిన ఒకమ్మాయి రెండు వారాలు కూర్చుని ఒక ప్యాచ్, అంటే కోడ్‌లో ఒక మార్పు, రాసి పంపింది. అందులో తప్పులున్న మాట నిజమే. అలా వచ్చినవి చూసి చేర్చుకునే మా సీనియర్ మెయింటైనర్, మా కోడ్‌లో పార్సర్ అనే భాగం మొత్తం ఒక్కడే మోస్తున్నవాడు, "ఇలాంటివి చదివే టైమ్ నాకు లేదు, ముందు ప్రోగ్రామింగ్ నేర్చుకుని రా" అని అందరూ చూసేచోట రాసేశాడు. ఆమె కమిటీకి ఫిర్యాదు పంపింది. నాలుగే లైన్లు, ఎంతో మర్యాదగా. కమిటీలో మేం ముగ్గురం. "ఆయన మనసులో ఏమీ ఉండదు, నోరే అంత" అన్నారొకరు. "ఆయన అలిగి వెళ్లిపోతే పార్సర్ ఎవరు చూస్తారు?" అన్నారింకొకరు. నేను "కొన్నాళ్లు చూద్దాం" అన్నాను. పదకొండు రోజులు చూశాం. ఆమెకు కనీసం 'మీ మెయిల్ అందింది' అని కూడా రాయలేదు. ఆమె మళ్లీ కనబడలేదు. ఆ "చూద్దాం" అన్న మాట నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటోంది.

ఆ "ఎవరు చూస్తారు" అనే భయం మా ఒక్కళ్లదే కాదు. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ ప్రాజెక్టులో ఏళ్ల తరబడి అదే నడిచింది. 2013లోనే సేజ్ షార్ప్ అనే డెవలపర్ తోటివాళ్లను తిట్టడం ఆపమని, దాన్ని మొదలుపెట్టి నడిపిస్తున్న లైనస్ టోర్వాల్డ్స్‌నే బహిరంగంగా అడిగారు. 2015 మార్చిలో 'కోడ్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్' అని ఓ చిన్న పత్రం పెట్టారు. నీ కోడ్‌ను గట్టిగానే విమర్శిస్తారు, సిద్ధంగా ఉండు అన్న ధోరణిలో ఉండేది. అదే ఏడాది అక్టోబర్‌లో, కెర్నెల్ పని మానేశానని షార్ప్ రాశారు. ఆ తర్వాత మూడేళ్లకు, 2018 సెప్టెంబర్‌లో, కెర్నెల్ 4.19 వెర్షన్‌కు నాలుగో రిలీజ్ క్యాండిడేట్ (విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చేది) ప్రకటిస్తూ అదే మెయిల్‌లో టోర్వాల్డ్స్ క్షమాపణ చెప్పాడు. మనుషుల మనసు అర్థం చేసుకోవడంలో తనకు సాయం కావాలని ఒప్పుకుని కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు. ఆ రోజుల్లోనే పాత పత్రం తీసేసి కాంట్రిబ్యూటర్ కోవెనెంట్ ఆధారంగా కొత్తది పెట్టారు. మరి కెర్నెల్ ఆగిందా? గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ అనే మరో సీనియర్ పగ్గాలు పట్టుకుని అక్టోబర్ 22న 4.19 విడుదల చేశాడు. ప్రపంచంలో అంత పెద్ద ప్రాజెక్టే టోర్వాల్డ్స్ లేకుండా ఓ నెల నడిచిందంటే, మా పార్సర్ నడవదా? ఇది నేను మా మీటింగ్‌లో చెప్పాల్సింది, చెప్పలేదు.

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్టు సంగతి వేరు. అక్కడ నియమాలు మొదట్నుంచీ ఉన్నాయి, వాటిని చూసుకునే మోడరేషన్ టీమ్ కూడా ఉంది. అయినా 2021 నవంబర్ 22న ఆ టీమ్ మొత్తం రాజీనామా చేసింది. ప్రాజెక్టును నడిపే కోర్ టీమ్ తనకు తాను తప్ప ఎవరికీ జవాబుదారీ కాదు, అలాంటప్పుడు నియమాలు అమలు చేయడం మా వల్ల కాదు అన్నారు వాళ్లు. లోపల ఏం జరిగిందో బయటివాళ్లం తీర్పు చెప్పలేం. కానీ ఆ ఒక్క వాక్యం చదివినప్పుడు నాకు మా ముగ్గురి మీటింగే గుర్తొచ్చింది. 2023లో రస్ట్ వాళ్లు కోర్ టీమ్ స్థానంలో లీడర్‌షిప్ కౌన్సిల్ పెట్టి, అందులో మోడరేషన్ టీమ్ ప్రతినిధికీ చోటిచ్చారు.

నువ్వు ఇక్కడ అడ్డు తగులుతావని తెలుసు. "కమిటీ పేరుతో గిట్టనివాళ్లని గెంటేస్తే?" అంటావు. అది ఉత్తి అనుమానం అనను. 2024 ఆగస్టులో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్టులో టిమ్ పీటర్స్ అనే పాత డెవలపర్‌ని మూడు నెలలు సస్పెండ్ చేశారు. పైథాన్‌లో లిస్టును సార్ట్ చేసిన (వరసలో పెట్టిన) ప్రతిసారీ పనిచేసేది ఆయన రాసిన పద్ధతే, ఆయన పేరు మీదే దాన్ని టిమ్‌సార్ట్ అంటారు. కారణాలు ప్రకటించారు గానీ, ఏ మాటను బట్టి ఏ ఆరోపణ చేశారో తెలిసేలా లేదని ఆయన్ని ఎరిగినవాళ్లు చాలామంది బాధపడ్డారు. శిక్ష సరైనదో కాదో నేను చెప్పను. నాకు అర్థమైంది ఇంతే: అవతలి మనిషి మాట కూడా వినాలి, 'నువ్వు ఫలానా చోట ఫలానా మాట అన్నావు' అని విడమరిచి చెప్పాలి. కాంట్రిబ్యూటర్ కోవెనెంట్ 2.0 వెర్షన్‌లో నాలుగు మెట్లు పెట్టారు. ముందు సరిదిద్దడం, తర్వాత హెచ్చరిక, తర్వాత కొన్నాళ్లు బ్యాన్, చివరికి శాశ్వత బ్యాన్. నేరుగా నాలుగో మెట్టు ఎక్కే తొందర వద్దు. నువ్వు పెట్టదలిస్తే ఆ మెట్లున్న వెర్షనే తీసుకో.

ఇంకో మాట. ఇదంతా నీ చేతులు కట్టేయడానికే అనుకుంటున్నావేమో. నిరుడు నువ్వు రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్రపోకుండా ఫోన్ చేసేవాడివి, గుర్తుందా? "ఇంకా ఫిక్స్ చేయలేదేం, చేతకాకపోతే వదిలెయ్" అని ముక్కూ మొహం తెలియనివాళ్లు నీ ప్రాజెక్టు ఇష్యూల పేజీలో రాసేవాళ్లు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్రాజెక్టులో 2022లో సరిగ్గా అలాంటి మాటలతోనే ఒంటరి మెయింటైనర్‌ను వేధించారు. అలసిపోయిన ఆయన, సాయానికి వచ్చినట్టు కనిపించిన మనిషికి కోడ్ మార్చే హక్కులిచ్చాడు. చివరికి ఆ చేతి మీదుగానే 5.6.0, 5.6.1 వెర్షన్లలోకి బ్యాక్‌డోర్, అంటే దొంగదారి, వచ్చింది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ దాన్ని బయటపెట్టాడు కాబట్టి సరిపోయింది. ఆనాడు "ఇక్కడ ఇలా మాట్లాడకూడదు" అని ఆయన పక్కన నిలబడి చెప్పే మనిషి ఒక్కరుండాల్సింది. నియమం నిన్ను కూడా కాపాడాలిరా. నీ ఫైలులో ఆ సంగతి స్పష్టంగా రాయి.

మా కథ తర్వాత ఏమైందో చెప్పలేదు కదా. చివరికి నేనే ఆ సీనియర్‌కి ఫోన్ చేశాను. గంటన్నర మాట్లాడాడు. నాలుగేళ్లుగా వచ్చిన ప్రతి ప్యాచ్ ఒక్కడే చదువుతున్నాడట, మాలో ఎవరం ఎప్పుడూ అడగలేదు. ఆమెకు క్షమాపణ రాశాడు. కమిటీ తరఫున నేనూ రాశాను. జవాబు రాలేదు, రావాలని అడిగే హక్కు కూడా మాకు లేదు. ఆమె ప్యాచ్‌లో తప్పులు వేరొకరు సరిచేసి, రచయితగా ఆమె పేరు అలాగే ఉంచి కలిపారు. ఇప్పుడు పార్సర్ రివ్యూలు ముగ్గురు పంచుకుంటున్నారు.

ఇక ఆ ఖాళీ సంగతి. ఒక్కడి పేరు చాలదు, రెండు పేర్లు కావాలి. ఒకటి నీదే పెట్టు. రెండోది, ఫిర్యాదు నీ మీదే వస్తే చూసే మనిషిది. నా పేరు రాద్దామనుకుంటున్నావేమో, వద్దు. నీ మీద ఫిర్యాదు వస్తే నేను మళ్లీ "కొన్నాళ్లు చూద్దాం" అనే అంటాను. నీకు మొహమాటం లేకుండా తప్పు చెప్పగలిగినవాళ్లు ఎవరున్నారో ఆలోచించి, ఆ పేరు నాకు రాయి.

నీ వాడు