మన కాలనీ సంఘం వార్షిక నివేదిక, అనంతపురం: ఈ ఏడాది మనం ఎగరేసిన రాకెట్

సభ్యులందరికీ నమస్కారం. ముందు మామూలు పనులు చెప్పేస్తా. వాటర్ ట్యాంకు రెండుసార్లు కడిగించినాం, బోరు మోటరు కాలిపోతే రీవైండింగ్ చేయించినాం, వినాయక చవితి బాగా జరిగింది, రెండో వీధి చివర కాలువ పూడిక మాత్రం ఇంకా అట్లనే ఉంది, దానికోసం తిరుగుతానే ఉన్నాం. లెక్కల పుస్తకం ట్రెజరర్ అక్క దగ్గర ఉంది, ఎవరైనా పోయి చూసుకోవచ్చు.

ఇంక రాకెట్ సంగతి. ఇది కొంచెం పెద్దగా రాస్తా, ఎందుకంటే ఈ ఏడాది మన కాలనీలో ఇంతమంది కలిసి చేసిన పని ఇంకోటి లేదు.

ఎండాకాలం సెలవుల్లో పిల్లోళ్ళు ప్లాస్టిక్ బాటిల్‌లో నీళ్ళు పోసి సైకిల్ పంపుతో గాలి కొట్టి ఎగరేస్తా ఉంటే మూడో వీధి లెక్కల సారు చూసి, ఎట్లాగూ ఎగరేస్తున్నారు కదా, నిజం రాకెట్ కొలతలతోనే చేయండ్రా అన్నారు. ఏ రాకెట్ అంటే ఎస్‌ఎల్‌వీ-3 అన్నారు, 1980 జూలై 18న మన శ్రీహరికోట నుంచి 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది అదే, కలాం గారు ప్రాజెక్ట్ డైరెక్టర్‌గా చేసింది. అసలు రాకెట్ పొడవు 22 మీటర్లు, మందం 1 మీటరు, బరువు 17 టన్నులు. మన 1.25 లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ మందం టేపుతో కొలిస్తే 9 సెంటీమీటర్లు వచ్చింది, అంటే సుమారు పదకొండో వంతు, అట్లయితే పొడవు 2 మీటర్లు రావాల. ఈ లెక్క ఆరో తరగతి పాప నోటితోనే చెప్పేసింది, సారు ముఖం చూడాల్సింది అప్పుడు.

టపాసుల మందు పెడితే ఇంకా పైకి పోతుంది కదా అని కొందరు అడిగినారు. కమిటీ ఒప్పుకోలేదు, వచ్చే ఏడు కూడా ఒప్పుకోదు. ఇంట్లో మందు కలపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే, పైగా లైసెన్స్ లేకుండా చేస్తే 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద నేరం. నీళ్ళు, గాలి చాలు. బాటిల్‌లో మూడో వంతు నీళ్ళు, పైన 60 పీఎస్ఐ గాలి, అంతకు మించి ఒక్క పాయింట్ కూడా వద్దని గేజ్ ఉన్న పంపే వాడినాం. నీళ్ళు ఎక్కువైతే బరువు, తక్కువైతే కిందికి తోయడానికి ఏమీ ఉండదు. లాంచర్‌కు అరంగుళం పైపు, దానికి పాత టైరు వాల్వ్, ఇది పంక్చర్ షాపు అన్న ఊరికే ఇచ్చినాడు, ఇవ్వడమే కాదు సబ్బు నురగ పూసి గాలి యాడ లీకవుతుందో కనిపెట్టింది కూడా ఆయనే.

పై దశలన్నీ, అంటే అసలు రాకెట్‌లో ఒకటి కాలిపోయి ఊడిపోతే తర్వాతది అంటుకునే భాగాలు, చార్ట్ పేపర్ చుట్టి, పైకి పోయేకొద్దీ సన్నగా, నాలుగు దశలూ విడివిడిగా కనపడేట్టు చేసినారు. రెక్కలు కూడా అచ్చం కొలత ప్రకారమే చిన్నగా కోసినారు. తప్పు అక్కడే జరిగింది.

ఆగస్టు 23, జాతీయ అంతరిక్ష దినం నాడు మొదటిసారి ఎగరేసినాం. ఆషాఢం పోయినా మన ఊర్లో గాలి తగ్గలేదు, అది ఒకటి. కరెంటు స్తంభం ఎత్తుకు పోయి పల్టీ కొట్టి అడ్డంగా పడిపోయింది, రెండో దశ నలిగిపోయింది. చిన్నోడొకడు ఏడ్చినాడు. సారు వాళ్ళందర్నీ కూర్చోబెట్టి, ఎస్‌ఎల్‌వీ-3 కూడా 1979 ఆగస్టు 10న మొదటిసారి సముద్రంలోనే పడింది, రెండో దశ కంట్రోల్ సిస్టంలో నైట్రిక్ యాసిడ్ లీకయింది, వాళ్ళు కారణం వెతికి పట్టుకున్నారు, మనమూ వెతుకుదాం అన్నారు.

వెతికినారు. రాకెట్ ఆకారాన్ని అట్టలో కోసి స్కేలు అంచు మీద నిలబెట్టినారు, అది యాడ నిలబడితే ఇంచుమించు అక్కడే గాలి దెబ్బంతా పడుతుందని లెక్క. తర్వాత ఖాళీ రాకెట్‌ను వేలు మీద పెట్టి బరువు యాడ నిలుస్తుందో చూసినారు. రాకెట్ బరువు ఆ గాలి చోటుకంటే పైన, కనీసం బాటిల్ మందం అంత పైన ఉండాల, మనది జానెడు కింద ఉంది. అందుకే తిరగబడింది. వినాయకుడి బొమ్మలు చేయగా మిగిలిన బంకమట్టి 80 గ్రాములు ముక్కులో కూరినారు, రెక్కల వెనక దూరానికి కనపడని పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు అంటించినారు. బరువు ఆ గాలి చోటుకంటే జానెడు పైకి వచ్చింది. అంతా కలిపి 280 గ్రాములు.

జనవరి 26న జెండా ఎగరేయకముందే, పొద్దున ఆరున్నరకు, గాలి లేనప్పుడే పోయినాం, ఊరి బయట శెనక్కాయలు పీకేసిన చేనులోకి. చేను ఆసామికి సంఘం తరఫున మళ్ళీ థాంక్స్. అందరినీ ఇరవై అడుగులు వెనక్కి నిలబెట్టి తాడు లాగితే బుస్సుమని లేచింది, నిటారుగా, ఒక్క వంకర లేకుండా. 30 మీటర్ల దూరం నుంచి ప్రొట్రాక్టర్‌కు దారం కట్టి చూసిన అమ్మాయికి 30 డిగ్రీలు వచ్చింది, అంటే 17 మీటర్ల ఎత్తు. కింద పడినాక తీసి చూస్తే బాటిల్ లోపల తెల్లగా పొగ. పొగ కాదది, గాలి ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడితే పట్టే పొగమంచు. పిల్లోళ్ళు ఆ బాటిల్ ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని మంచు కరిగిపోయేదాకా చూస్తానే ఉన్నారు, నేనూ చూసినా. వచ్చినోళ్ళందరికీ ఉగ్గాని బజ్జీ రెండో వీధి అవ్వ చేయించింది, దుడ్లు తీసుకోలేదు.

వచ్చే ఏడు రెండు బాటిళ్ళు అతికించి, పారాచూట్ పెట్టి చేయాలని పిల్లోళ్ళు అడుగుతున్నారు. దానికి కొంత డబ్బు కేటాయించాలని కమిటీ తరఫున మీటింగ్‌లో అడుగుతా, దయచేసి ఒప్పుకోండి. అప్పటిదాకా 1.25 లీటర్ల బాటిళ్ళు నలపకుండా, మూత బిగించి, ట్యాంకు కింద కట్టిన గోనెసంచిలో వేయండి. గీతలు పడినవి వద్దు, అవి గాలికి ఆగవు.

ఇట్లు,
సంఘం కార్యదర్శి