పాల లెక్క క్యాసెట్ తెస్తావా?

ఒరేయ్ మామా,

ఫోన్‌లో చెబితే మధ్యలో నవ్వేసి పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నా. తెనాలిలో మా చిన్న మావయ్య మనల్ని ముట్టుకోనివ్వని కంప్యూటర్ గుర్తుందా? దుబాయ్ నుంచి తెచ్చుకున్న జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. దసరాకి వెళ్ళినప్పుడు అటక మీంచి దింపి బెంగళూరు తెచ్చేసుకున్నా. 1982 నాటి మోడల్, మెమరీ 48 కిలోబైట్లే. నువ్వు పొద్దున్నే పంపే గుడ్ మార్నింగ్ బొమ్మ కూడా అందులో పట్టదు.

ముందు అడాప్టర్ గోల. దీనికి 9 వోల్టులు చాలు, కానీ పిన్ను మధ్యలో మైనస్ ఉండాలి. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో కొన్నది మామూలు రకం, మధ్యలో ప్లస్. మీటరు పెట్టి చూశాను కాబట్టి సరిపోయింది, లేకపోతే మావయ్య మొహం ఎలా చూసేవాణ్ణి?

నెట్‌లోంచి గేమ్ దింపుకోవడం నిమిషం పని. ఎక్కించడమే కష్టం. దీనికి యూఎస్‌బీ లేదు, తెలిసిందల్లా క్యాసెట్, అందులో ప్రోగ్రామ్ శబ్దంగా ఉంటుంది. అందుకని ఫైల్‌ని మళ్ళీ శబ్దంగా మార్చి, లాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి దీని ‘ఇయర్’ సాకెట్‌కి వైరు కలపాలి. లోపల జరిగేది మన తెలుగు మాస్టారు చెప్పిన లఘువు, గురువు లెక్కేరా! సున్నాకి పొట్టి అల, ఒకటికి సరిగ్గా దానికి రెండింతల అల. యమాతారాజభానసలగం అని ఊరికే బట్టీ పట్టించలేదన్నమాట.

మొదట ఎంపీ3గా మార్చా, అలలు అలుక్కుపోయి ఏమీ ఎక్కలేదు. తర్వాత శబ్దాన్ని కుదించని వేవ్ ఫైల్ చేసి, వాల్యూమ్ బాగా పెంచా. జె నొక్కితే ‘లోడ్’ అన్న మాట మొత్తం పడుతుంది, పక్కన కోట్స్ రెండు, ఎంటర్. కీచుమంటూ మొదలైంది. మా ఆవిడ మిక్సీ పాడైందనుకుని పరిగెత్తుకొచ్చింది. తెర అంచుల్లో ముందు ఎరుపు, లేత నీలం పట్టీలు, ఆ తర్వాత సన్నగా నీలం, పసుపు. బొమ్మ గీత గీతగా, మూడు ముక్కలుగా దిగింది. అంతా నలుపు తెలుపే. చివర్లో ముగ్గులో రంగులు అద్దినట్టు పైనుంచి కిందికి రంగులొచ్చాయి. నాలుగో నిమిషంలో, ఇక అయిపోయిందనుకుంటుంటే, లాప్‌టాప్‌లో వాట్సాప్ ‘టింగ్’ మంది. ఆ టింగ్ కూడా వైరులోకే వెళ్ళింది. ‘ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్’. ఆ మెసేజ్ ఎవరిదనుకున్నావ్? నీదే, వెధవా.

వైఫై ఆపేసి మళ్ళీ పెడితే ఎక్కింది. గేమ్‌లో మాత్రం రెండు నిమిషాలకే చచ్చా. ఎస్‌డీ కార్డు పెట్టుకునే పరికరాలూ దొరుకుతున్నాయి, క్షణాల్లో ఎక్కించేస్తాయట. నాకొద్దు. ఆ కీచురొద లేకపోతే ఇంక మజా ఏముంది?

అసలు పని ఇప్పుడు చెబుతా. మావయ్య క్యాసెట్లు రెండు మీ ఇంట్లో ఉండిపోయాయట, మీ నాన్నగారి టేప్‌రికార్డర్ పక్కనే. ఒకదాని మీద ‘పాల లెక్క’ అని ఆయన చేతిరాత. వచ్చేటప్పుడు రెండూ పట్రా, ఆ టేప్‌రికార్డర్ కూడా. హెడ్‌ని స్పిరిట్‌తో తుడిచి, ముందు లాప్‌టాప్‌లోకి రికార్డు చేసుకుందాం, తర్వాత దీనికి వినిపిద్దాం. పాలవాడికి మావయ్య ఇంకా ఎంత బాకీ ఉన్నాడో తేలుతుంది.

నీ
మామ